నీళ్ల కింది బొడ్రాయి

మాఘం వెళ్లి ఎండ ముదిరేకొద్దీ కృష్ణ ఒక్కొక్క అడుగే దిగుతుంది. శ్రీశైలం ఆనకట్ట దగ్గర నిండు మట్టం 885 అడుగులు. శ్రావణంలో ఆ గీత దాకా ఉబికి, పన్నెండు గేట్ల మీదుగా పాలనురుగై దూకిన నీరే, పొలాలకు పంచి, పట్నాలకు పంచి, టర్బైన్ల రెక్కలు తిప్పి తిప్పి అలసి, నల్లమల పాదాల నుంచి నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. జరిగిన చోటల్లా నేల కన్ను తెరుస్తుంది. ముందు ఒండ్రు. ఆ ఒండ్రులో ఆకుల ఊసే మరచిన చింత మోడులు. ఆ తరువాత బురద పూసుకున్న మెట్లు, కప్పులేని గోడలు, గోడల్లేని గడపలు. మట్టం 840 అడుగుల దరిదాపులకు వచ్చాక నీటి నడుమ నుంచి ఒక శిఖరం తల ఎత్తుతుంది. నెలల తరబడి చీకటి నీటిలో మౌనదీక్ష పట్టిన మునీశ్వరుడు, జటలనుంచి నీరు కారుతుండగా, వెలుతురులోకి లేచి నిలబడతాడు. సంగమేశ్వరుడు బయటపడ్డాడని ఊరూరా కబురు పాకుతుంది.

దినపత్రికలో ఒక మూల రోజూ ఆ అంకె అచ్చవుతుంది. ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత, నీటిమట్టం ఇంత. రైతు ఆ అంకెలో తన పైరును చూసుకుంటాడు. విద్యుత్తు కేంద్రంలో ఇంజనీరు మెగావాట్లను చూసుకుంటాడు. ఆ అంకె తగ్గేకొద్దీ గుండె బరువెక్కేవాళ్లు ఇంకా కొందరున్నారు. కృష్ణకు ఇటు రాయలసీమలోనూ అటు పాలమూరులోనూ, పునరావాస కాలనీల్లో, రేకుల వసారాల కింద కూర్చుని, ఎనభై ఏళ్ల చూపుతో మనవడి ఫోనులో ఆ అంకెను అడిగి తెలుసుకుంటారు. ఏ అడుగు దగ్గర తమ రచ్చకట్ట తేలుతుందో, ఏ అడుగు దగ్గర తమ చేలగట్టు కనబడుతుందో వాళ్లకు తెలుసు. ఎవరి శోకానికైనా ఇంత ఖచ్చితమైన కొలత ఉంటుందా!

ఓ సంగమమా! తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. ఏడు పేర్లు, ఏడు నడకలు, ఏడు రంగుల నీళ్లు. సహ్యాద్రి చల్లదనాన్ని కొంగున కట్టుకుని ఒకరు, దక్కను నల్లరేగడిని చెంపలకు పూసుకుని ఒకరు, ఆకాశం కిందంతా నడిచి నడిచి, నీ దగ్గర ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకునేవారు. ఆ చేతుల కలయికలో స్నానం చేస్తే ఏడు జన్మల దుమ్ము పోతుందని మా పెద్దలు నమ్మారు. ఇప్పుడు నీలో ఏ నది ఏదో గుర్తుపట్టగలవారెవరు? ఏడుగురినీ ఒకే జలాశయంలో నిలబెట్టి, ఒకే పేరుతో పిలిచి, టీఎంసీలలో కొలుస్తున్నాం. పారడం మరచిన నీటికి పాట ఉండదు. నీ పాట ఏ స్వరంలో ఆగిపోయిందో చెప్పగలిగిన పుట్టివాళ్లు కూడా ఒక్కరొక్కరే వెళ్లిపోయారు.

ఇక్కడి శివుడిది రాతి దేహం కాదు. వేపమొద్దు. పాండవులు అరణ్యవాసంలో ఈ దారిన వచ్చారని స్థలపురాణం. లింగం తెమ్మని భీముణ్ణి కాశీకి పంపాడు ధర్మరాజు. ముహూర్తం ముంచుకొచ్చింది, భీముడు రాలేదు. అడవిలో ఉన్న వేపచెట్టు మొద్దునే లింగంగా మలిచి ప్రతిష్ఠ చేశారు. అలసి సొలసి లింగంతో వచ్చిన తమ్ముడు అలిగి దాన్ని నదిలోకి విసిరేశాడు. అన్న నొచ్చుకుని, ఆ లింగాన్ని ఒడ్డునే నిలిపి, భక్తులు ముందు భీమలింగాన్ని దర్శించి తరువాతే సంగమేశ్వరుణ్ణి చూడాలని కట్టడి చేశాడట. ఎంత చక్కని కథ! ఆలస్యంగా వచ్చినవాడి కష్టాన్ని కూడా వృథా పోనివ్వని న్యాయం ఆ కథలో ఉంది. తొందరలో నొప్పించిన మనసుకు తొలి మొక్కు చెల్లించాలన్న మర్యాద ఉంది. మన కాలపు తొందరలో నొచ్చుకున్నవారికి తొలి మొక్కు ఎవరు చెల్లించారు?

ఆ వేపలింగం ఏళ్లకేళ్లు నీళ్లలో నానుతూ కూడా పుచ్చిపోలేదు. ఆనకట్టలో నీళ్లు నిలిచాక రెండు దశాబ్దాలకు పైగా గుడి ఎవరి కంటా పడలేదు. 2003 ప్రాంతంలో కరువు నదిని పీల్చేసినప్పుడు తేలింది. అప్పటినుంచి దాదాపు ఏటా వేసవిలో కొన్ని నెలలు పైకి వస్తోంది. ప్రాకారం చాలావరకు పడిపోయింది. రాళ్లు చెల్లాచెదురయ్యాయి. లింగం మాత్రం ఉంది. దీన్ని మహిమ అన్నవారితో నాకు పేచీ లేదు. ఒండ్రు కడిగి, పసుపు రాసి, కొత్త వస్త్రం కట్టి, దీపం వెలిగించిన మొదటి రోజు ఆ గర్భగుడిలో నిలబడితే, తర్కం తనంతట తానే తలుపు బయట చెప్పులు విడిచి కూర్చుంటుంది.

దారులు రెండు. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా వచ్చేవారు కొందరు. అవతలి ఒడ్డున కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి మరబోటెక్కి వచ్చేవారు కొందరు. శని ఆదివారాల్లో కార్లు బారులు తీరుతాయి. కుర్రకారు ఎండిన నదీగర్భంలో బైకులు నడుపుతారు. డ్రోన్లు తుమ్మెదల్లా గోపురం చుట్టూ తిరుగుతాయి. సాయంకాలానికి ఆ దృశ్యం లక్షల అరచేతుల్లో వెలుగుతుంది. కింద నీలినీరు, నడుమ నల్లరాతి గుడి, పైన కాషాయపు ఆకాశం, వెనక ఏదో శివస్తుతి. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అందాన్ని చూసి ఆగలేని వయసు వాళ్లది. అంత దూరం వచ్చి మొక్కేవాళ్ల భక్తి నిజమైనది. నా దుఃఖమల్లా ఆ ఫ్రేములో పట్టని దాని గురించి. గుడికి నాలుగు వైపులా ఆ బురద ఎందుకు అంత చదునుగా, అంత గళ్లుగళ్లుగా ఉందో, అడుగు కింద పెంకులు ఎందుకు చిట్లుతున్నాయో ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

అవి ఇళ్లు. నాయనలారా, అవి ఇళ్లు.

అక్కడే ఒక ముసలమ్మను చూశాను. అందరూ శిఖరం వైపు తిరిగి నిలబడితే ఆమె ఒక్కతే గుడికి వీపు చేసి, నీటి అంచు వైపు చూస్తోంది. చేతిలో చిన్న సంచి. అందులో పసుపు, కుంకుమ, నాలుగు అగరువత్తులు. “అదో, ఆ యాపమోడు కనపడతాండాదే నాయనా, దానికి ఇవతల మా వాకిలి. అవతల కల్లం. కల్లం మూలన గుమ్మి” అంది. నాకు మోడు కూడా సరిగా కనబడలేదు. ఆమెకు కల్లంలో తూర్పార పడుతున్న జొన్నలు కనబడుతున్నాయి. నీళ్లు ఇంకా అంతవరకు దిగలేదని, దిగినాక మళ్లీ వస్తానని చెప్పింది. “గడపకు పసుపు పెట్టిపోతా. పెండ్లయి వచ్చినాక మొదట కాలు పెట్టిన గడప గదా.” పక్కనే ఉన్న కోడలు నెమ్మదిగా, ఏటా ఇంతే అంది. ఆ గొంతులో విసుగు లేదు.

ఆ తల్లి చెప్పినవన్నీ రాయాలంటే ఒక పురాణమవుతుంది. మట్టిమిద్దెల ఊరు. వానాకాలం ముందు మిద్దెల మీద చౌడు పోసి కొట్టేవాళ్లు. నది ఒడ్డు నల్లరేగడిలో మనిషెత్తు జొన్న, ఆ జొన్న అన్నానికి తోడు ఏటి చేప. పీర్లచావిడి ముందు అలావా గుంట, దాని చుట్టూ హిందువులూ తురకలూ కలిసి వేసిన అడుగులు. శివరాత్రికి సంగమంలో తల మునక, తిరునాళ్లలో రంగుల గాజులు. అక్క మొగుడు అవతలి ఒడ్డు వాడైతే, పుట్టెక్కి పోయి పండగ చేసుకుని రావడం. అప్పుడు నది ఊళ్లను విడదీసేది కాదు, వియ్యం కలిపేది. పాలమూరు పిల్లలకు కందనవోలు మేనమామలు, ఇటు మామలకు అటు మేనకోడళ్లు. జలాశయం నిండాక ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య మైళ్ల కొద్దీ నీరు పరచుకుంది. ఇప్పుడు ఆ మధ్య నీటిలోనే రెండు రాష్ట్రాల హద్దు కూడా ఉంది.

ఆమె చివరికి ఒక మాట అంది. ఆ మాటే నన్ను వదలడం లేదు. “దేవుళ్లను మోసుకపోయినారు నాయనా. మా ఊరి నడిమి బొడ్రాయి ఆడనే ఉండాది.”

దేవుళ్లను మోసుకుపోయిన మాట అక్షరాలా నిజం. కృష్ణా తుంగభద్రల కలయిక దగ్గర కూడవెల్లిలో బాదామి చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం ఉండేది. మునకలో పోకుండా ఆ గుడిని రాయి రాయీ విప్పారు. ప్రతి రాయికీ అంకె వేశారు, పటాలు గీశారు, బండ్ల మీద అలంపురం చేర్చి, అంకె వెనక అంకె పేర్చి, మకరతోరణాల నుంచి మెట్ల దాకా మళ్లీ నిలబెట్టారు. అక్కడి ఏడవ శతాబ్దపు నవబ్రహ్మాలయాల చుట్టూ నీరు రాకుండా కట్ట పోశారు. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు చెంత జగన్నాథగట్టు ఎక్కి కూర్చున్నాడు. పాపనాశి గుళ్లు, జటప్రోలు గుళ్లు, సోమశిల గుళ్లు ఒడ్డు చేరాయి. మన పురావస్తు శాఖలు చేసిన మహాకార్యాల్లో ఇది ఒకటి. ఆ ఉలి చేతులకూ, ఆ పటాలు గీసిన కళ్లకూ నేను మనసారా దణ్ణం పెడతాను. అలంపురంలో ఆ గుడి ముందు నిలబడిన ప్రతిసారీ, రాయి కూడా ఊరు మారి బతకగలదని చూసి కళ్లు చెమరుస్తాయి.

అదే చేత్తో ఇళ్లను కూడా కొలిచారు. గోడ ఇంత పొడుగు, దూలాలు ఇన్ని, తలుపు ఒకటి, చెట్లు రెండు. ఆ కొలత మళ్లీ కట్టడానికి కాదు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద వెల కట్టి, చేతిలో పెట్టి, పంపించడానికి. గుడిని తరలించేటప్పుడు కళాకర్షణ చేసి దేవుడి ప్రాణాన్ని కలశంలోకి తీసుకున్నారు. కొత్తచోట కుంభాభిషేకం చేసి ఆ ప్రాణాన్ని మళ్లీ పోశారు. మనిషిని తరలించేటప్పుడు చదవాల్సిన మంత్రం ఏదీ మన దగ్గర లేకపోయింది. పునఃప్రతిష్ఠ లేని ప్రాణాలు అవి. కలశం లేకుండా, ముహూర్తం లేకుండా, బండ్ల మీద బొచ్చెలూ మంచాలూ కోళ్లగంపలూ వేసుకుని, కట్టేసిన ఆవు వెనక్కి తిరిగి తిరిగి చూస్తుంటే, ఊళ్లు లేచిపోయాయి.

1963 జులైలో నెహ్రూ ఈ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. దాని కింద మునిగినవి నూరుకు పైగా ఊళ్లు, లేచిపోయినవారు లక్ష మంది దాకా మనుషులు. 1981 వేసవిలో వానలు తరుముకొస్తున్నాయని ఖాళీ చేయించడం ఉరుకుల పరుగుల మీద జరిగింది. దానికి ‘ఆపరేషన్ డెమాలిషన్’ అని పేరు. ఆ పేరు పలికినప్పుడల్లా నాలుక మీద సున్నం పడ్డట్టుంటుంది. పండిన పంట మీదికి నీళ్లొచ్చాయి. పొయ్యి ఆర్పకుండా వదిలిన వంటిళ్లున్నాయి. 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. మునిగిన కుటుంబాలవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో చోటిస్తామని మాట. కొందరికి అందింది. కాలువల మీద లష్కర్లుగా కొందరు చేరారు. తమ ఊరిని ముంచిన నీటికే కావలి! తక్కిన కుటుంబాలు ఆ జీవో కాగితాన్ని తండ్రి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి మనవడికి ఆస్తిలా అప్పగిస్తూ దశాబ్దాల తరబడి కార్యాలయాల మెట్లెక్కాయి. ఉద్యోగ వయసు దాటిపోయిన చేతుల్లో ఆ కాగితాలు మడతల దగ్గర చిరిగిపోయాయి.

నీళ్లు వద్దనేవాణ్ణి కాను. కరువు సీమలో పుట్టిన ఏ నోరూ ఆ మాట అనదు. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల దీపాలు ఈ నీటివి. పోతిరెడ్డిపాడు తూము నుంచి సాగిన కాలువలు సీమ నేలను తడిపాయి. మూడు రాష్ట్రాలు తలా ఐదు టీఎంసీలు ఇస్తామన్న మాట మీద 1983లో తెలుగుగంగ మొదలై, 1996లో ఈ నీరే మద్రాసు గొంతు తడిపింది. ఎక్కడో ఒక అపార్టుమెంటు వంటింట్లో ఒక తల్లి బిడ్డకు తాగించే గ్లాసులో మునిగిన కల్లాల నీడ ఉంటుంది. ఆ బిడ్డ చల్లగా ఉండాలి. ఆ తల్లికి ఆ ఊరి పేరు తెలియదు, అంతే. ఆ ఒక్కటే నా కడుపుకోత. త్యాగం చేసినవారి పేరు తలవకుండా తాగే నీరు దాహం తీరుస్తుంది కానీ రుణం తీర్చదు.

నది కూడా ఊరకే లేదు. ఎగువ నుంచి ఏటేటా ఒండ్రు మోసుకొచ్చి ఆ ఊళ్ల మీద కప్పుతోంది. మొదట్లో 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 215 పడుతోంది. ఆ తేడా అంతా మట్టి. ఊళ్లను నీరు ముంచింది, నీటిని మట్టి ముంచుతోంది. ముసలమ్మ గడప ఏటికేడాది లోతుకు పోతోంది. ఒకనాటికి నీరు ఎంత దిగినా ఆమె కోడలికి పసుపు పెట్టడానికి గడప దొరకదు. 2009 అక్టోబరులో పాతిక లక్షల క్యూసెక్కులకు మించిన వరద జలాశయం మీద విరుచుకుపడి, వెనక్కి ఎగదన్ని, కర్నూలు నగరాన్నే ముంచెత్తినప్పుడు, ఇంటి కప్పుల మీద ప్రాణాలు పట్టుకుని కూర్చున్న పట్నవాసులకు ఒక్క రాత్రి ఆ ఊళ్ల బాధ తెలిసివచ్చింది. తెల్లవారింది. రోజుల్లో నీరు తీసింది. ఆ ఊళ్లకు మాత్రం తీయలేదు.

ఆషాఢం దాటి ఎగువన వానలు పడ్డాయా, మళ్లీ మట్టం లేస్తుంది. పొలిమేరలు, మోడులు, గడపలు ఒక్కొక్కటే కళ్లు మూసుకుంటాయి. చివరికి నీరు గుడి మెట్లెక్కుతుంది. పూజారి మోకాటి లోతు నీటిలో నిలబడి వేపలింగానికి ఆ ఏటికి ఆఖరి హారతి ఇస్తాడు. మంగళవాక్యం పూర్తవుతుండగా నీరు పానవట్టాన్ని తాకుతుంది. పడవ మీద నుంచి శిఖరానికి కూడా హారతి ఇచ్చి, ఇక పైగట్టు మీది గుడిలో పూజలు సాగిస్తారు. నిండా మునిగే దేవుడికి కూడా వీడ్కోలు చెప్పే సంస్కారం మన నేలది. మళ్లీ వచ్చే ఏడు చూద్దాం స్వామీ అని చెప్పే గుండెదిటవు మన భక్తిది. అంత గొప్ప సంస్కారం ఉన్న జాతి, మునిగిన నూరు ఊళ్లకు ఒక్క హారతి పళ్లెం కూడా ఎత్తలేదంటే నమ్మబుద్ధి కాదు.

బొడ్రాయి నిలిపే నాడు ఊరి ఆడపడుచులందరినీ పుట్టింటికి పిలుస్తారు. ఊరి చుట్టూ కట్టు కడతారు. ఆ పూట లోపలివాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. ఊరి నడుమ గోతిలో నవధాన్యాలు పోసి, రాయిని దించి, ఇక నువ్వే మా ఊపిరి అని అందరూ నీళ్లు పోస్తారు. ఆ రాయిని కదిలించరాదని నమ్మకం. అందుకే ఎవరూ కదిలించలేదు. ఆడపడుచులు చెల్లాచెదురై, నలుదిక్కుల కాలనీల్లో అమ్మమ్మలై, ఒకరి ఊరు ఒకరికి తెలియని ఇరుగుపొరుగుల మధ్య ముసలివాళ్లయిపోయారు. బొడ్రాయి మాత్రం, అప్పగించిన పనిని వదలని కావలివాడిలా, అక్కడే ఉంది. మీనాలు దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాయి. ఓ రాయీ! ఎవరి కోసం నీ కాపలా? నిన్ను నమ్మి నీళ్లు పోసిన చేతుల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయి?

ఈ శోకం ఒక్క కృష్ణది కాదు. గోదావరి మీద పోలవరం కడుతుండగా దేవీపట్నం పల్లెల్లోకి వరద నీరు తన్నుకొచ్చింది. గండి పోచమ్మ తల్లి గుడి వానాకాలంలో మునిగి తేలుతోంది. సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ ఊళ్లు మొన్న మొన్ననే నీళ్ల పాలయ్యాయి. మళ్లీ కృష్ణ దగ్గరికే వస్తే, సంగమేశ్వరానికి అవతల సోమశిల దగ్గర నది మీద తీగల వంతెన తలపెట్టారు. వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో, పాదచారులకు గాజు నడకదారితో. రెండు ఒడ్డుల వియ్యపు బంధాలు మళ్లీ కలుస్తాయంటే అంతకన్నా సంతోషం ఏముంది! ఆ గాజు మీద నడిచే బిడ్డలు కిందికి చూసి, ఆ నీటిలో ఏముందని అడుగుతారు. మనం ఏం చెబుతాం?

కనుక ఇది నా మనవి. వచ్చే వేసవిలో సంగమేశ్వరం వెళ్లేవారు తప్పక వెళ్లండి, స్వామిని కళ్లారా చూడండి. భీమలింగానికి ముందు మొక్కమని స్థలపురాణం చెప్పింది కదా, దానికన్నా ముందు ఆ ఒడ్డున కూర్చున్న ఏ పెద్దమనిషినైనా పలకరించి, మీ ఊరేది అని అడగండి. చెప్పిన పేరును ఫోనులో రాసుకోండి. గొంతును భద్రపరచండి. ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన తరం వెళ్లిపోతోంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు కూడా చేతులు జోడించి అడుగుతున్నాను. ఇటు సంగమేశ్వరం రేవులో ఒకటి, అటు సోమశిల రేవులో ఒకటి రాతి పలకలు నిలపండి. మునిగిన ఊళ్ల పేర్లన్నీ, ఒక్కటీ విడవకుండా, వాటి మీద చెక్కించండి. ఆ పేర్లు భూసేకరణ రికార్డుల్లో ఉన్నాయి. వంతెనకు పెట్టే ఖర్చులో అది లెక్కలోకి కూడా రాదు. వంతెన తెరవకముందే ఆ పని జరగాలి.